శ్రీకాళహస్తి కలంకారీ వెబ్‌సైట్ గూగుల్‌లో కనిపించడం లేదు: ర్యాంకింగ్, సందర్శకుల సంఖ్య పెంచుకునే మార్గం చెప్పగలరు

కలంకారీ ఇంటివాడు

సభ్యులందరికీ నమస్కారం. మాది శ్రీకాళహస్తి. మూడు తరాలుగా మా ఇంట్లో కలంకారీ పని నడుస్తోంది. నాన్నగారు, చిన్నాన్న ఇప్పటికీ వెదురు కలం పట్టి గుడ్డ మీద గీస్తారు, అమ్మ రంగులు వేస్తుంది. నేను తిరుపతిలో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో అమ్మకాల సంగతి చూస్తుంటాను. మధ్యవర్తుల చేతుల్లో పడకుండా కొనేవారికి నేరుగా అమ్ముదామనే ఆశతో ఏడాదిన్నర క్రితం ఒక వెబ్‌సైట్ చేయించాము. చీరలు, దుపట్టాలు, గోడకు వేలాడదీసే చిత్రపటాలు కలిపి ఇరవై రెండు పేజీలు ఉన్నాయి.

ఇంత చేసినా, మా దుకాణం పేరును ఉన్నదున్నట్టు టైపు చేసినా గూగుల్‌లో మా సైట్ రావడం లేదు. ర్యాంకింగ్ పెంచుతామని ఒక సంస్థ మా దగ్గర 15,000 రూపాయలు తీసుకుని, వెయ్యి బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి మా సైట్‌కు లింకులు) ఇచ్చామని ఒక ఎక్సెల్ షీటు పంపి ఊరుకుంది. నెలకు నలభై మంది కూడా సైట్‌కు రావడం లేదు, ఆ వచ్చేవారిలోనూ ఎక్కువమంది నేను వాట్సాప్‌లో లింకు పంపినవారే. నాన్నగారు నన్నేమీ అనరు కానీ, పెట్టిన డబ్బు ఏమైందని అడగకుండా ఉండటమే నాకు కష్టంగా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో దయచేసి చెప్పండి.

అలిపిరి డెవలపర్

తమ్ముడూ, మీరు పంపిన లింకు తెరిచి చూశాను. ర్యాంకింగ్ మాట ఎత్తే ముందు, మీ సైట్ అసలు గూగుల్ పట్టికలోకి ఎక్కిందా లేదా అన్నది చూడాలి. సెర్చ్ పెట్టెలో ‘సైట్’ అనే ఆంగ్ల పదం, దాని పక్కన కోలన్, ఖాళీ వదలకుండా మీ డొమైన్ పేరు రాసి వెతికితే, గూగుల్ దగ్గర ఉన్న మీ పేజీలు వస్తాయి. నేను వెతికితే ఒక్క పేజీ కూడా రాలేదు. పేజీ సోర్స్ తెరిచి చూడగా, పైభాగంలోనే ‘నోఇండెక్స్’ అనే ఆదేశం ఉంది. అంటే ఏడాదిన్నరగా మీ సైటే ప్రతి సెర్చ్ ఇంజన్‌కూ ‘నన్ను పట్టికలో చేర్చుకోవద్దు’ అని చెబుతోంది.

ఇది ఎవరూ కావాలని చేసింది కాదు. మీది వర్డ్‌ప్రెస్ సైట్. అందులో సెట్టింగ్స్, రీడింగ్ అనే చోట, సెర్చ్ ఇంజన్లను దూరంగా ఉంచమని చెప్పే ఒక టిక్ పెట్టె ఉంటుంది. నిర్మాణంలో ఉన్న సైట్ బయటికి కనిపించకూడదని పని చేసేవారు ఆ టిక్ పెడతారు, పని పూర్తయ్యాక తీసేయడం మరిచిపోతారు. నేను ఇలాంటివి తిరుపతిలోనే చాలా చూశాను. మీ దగ్గర 15,000 రూపాయలు తీసుకున్నవారు ఈ ఒక్క పెట్టె తెరిచి చూడకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

టిక్ తీసేశాక గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో మీ సైట్‌ను నమోదు చేయండి. అది సైట్ యజమానులకు గూగుల్ ఇచ్చే సాధనం, పూర్తిగా ఉచితం. సైట్ మీదేనని నిరూపించుకున్న తరువాత సైట్‌మ్యాప్ (మీ పేజీల జాబితా) సమర్పించి, ముఖ్యమైన నాలుగైదు పేజీల అడ్రసులను అందులోని యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో పెట్టి ఇండెక్స్ చేయమని, అంటే పట్టికలో చేర్చమని కోరండి. కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పట్టవచ్చు. సెర్చ్ ఇంజన్ ముందు పేజీ దగ్గరికి రావాలి, తరువాత చదివి పట్టికలో రాసుకోవాలి, ఆ తరువాతనే ఎవరు ముందు ఎవరు వెనుక అనే లెక్క వస్తుంది. మీరు మొదటి రెండు మెట్లూ ఎక్కకుండానే మూడో మెట్టు కోసం డబ్బు కట్టారు.

కలంకారీ ఇంటివాడు

అన్నా, మీరు చెప్పిన చోటే టిక్ ఉంది. తీసేశాను. సెర్చ్ కన్సోల్‌లో నమోదు కూడా పూర్తయింది. ఎనిమిది రోజులకు పదకొండు పేజీలు పట్టికలో చేరాయి, దుకాణం పేరు కొడితే మొదటి వరుసలో వస్తున్నాము. ఆ రాత్రి నాన్నగారికి ఫోన్‌లో చూపించాను. కానీ ‘శ్రీకాళహస్తి కలంకారీ చీర’ అని వెతికితే మాత్రం ఎంత కిందికి వెళ్ళినా మా సైట్ లేదు. మిగిలిన పదకొండు పేజీల ఎదురుగా ‘క్రాల్ చేశాము, ప్రస్తుతానికి ఇండెక్స్ చేయలేదు’ అని చూపిస్తోంది, అంటే గూగుల్ పేజీ చూసింది కానీ పట్టికలో చేర్చలేదు.

భవానీనగర్ డీటీపీ

నేను తిరుపతిలో ఇరవై ఏళ్ళుగా డీటీపీ (కంప్యూటర్‌లో అచ్చుకు పేజీలు కూర్చే) పని చేస్తున్నాను. మీ పేజీల్లోని అక్షరాలను చూడగానే నాకు విషయం అర్థమైంది. ‘మా గురించి’ అనే పేజీలో ఉన్న రెండు పేరాల తెలుగును మౌస్‌తో ఎంచుకోవడానికి ప్రయత్నించండి. ఎంపిక కాదు. ఎందుకంటే అది అక్షరం కాదు, బొమ్మ. బ్రోషర్ కోసం పాత ఫాంటులో కంపోజ్ చేసిన పేజీని జేపీజీగా మార్చి సైట్‌లో పెట్టారు. మనిషి కన్ను చదివినంత సులువుగా సెర్చ్ ఇంజన్ దాన్ని చదవలేదు.

ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ రాకముందు మేము వాడిన తెలుగు ఫాంటులన్నిటిదీ ఒకటే పద్ధతి. ఆంగ్ల అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను కూర్చుకునేవాళ్ళం. ఆ ఫాంటు లేని చోట అదే ఫైలు తెరిస్తే అర్థంలేని గుర్తులే కనిపిస్తాయి. అచ్చుపనికి అది చాలింది, వెబ్‌కు చాలదు. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాల విభాగం ఉంది, ‘క’ అన్న అక్షరం ఏ ఫాంటులో చూసినా, ఏ ఫోన్‌లో చూసినా అదే సంఖ్య. సెర్చ్ ఇంజన్ వెతికేది ఆ సంఖ్యలనే. కనుక మీ పేజీలన్నిటినీ యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేయించాలి. పాత ఫైళ్ళు మీ దగ్గర ఉంటే మార్పిడి సాధనాలు ఉన్నాయి, కానీ ఒత్తులు, అరసున్నలు తారుమారవుతాయి, ఒకసారి మనిషి కూర్చుని దిద్దక తప్పదు. మీ ఫైళ్ళు పంపితే ఈ ఆదివారం నేనే దిద్ది ఇస్తాను, డబ్బు మాట ఎత్తవద్దు.

ఇంకొక చిన్న మాట. పేజీ అడ్రసులో తెలుగు పెట్టుకోవచ్చు, తప్పేమీ లేదు. కానీ దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో పంపినప్పుడు, ‘తిరుపతి’ అనే ఒక్క మాటే శాతం గుర్తులతో కలిపి 63 గుర్తుల వరుసగా మారే అవకాశం ఉంది. ఆ మాటలో ఏడు సంకేతాలు, ఒక్కొక్క దానికి మూడు బైట్లు, ఒక్కొక్క బైటుకు మూడు గుర్తులు. మీ లింకులు ఎక్కువగా వాట్సాప్‌లోనే తిరుగుతాయి కనుక, అడ్రసును పొట్టి రోమన్ అక్షరాల్లో ఉంచి, శీర్షికను, లోపలి పాఠాన్ని తెలుగులో ఉంచండి.

రేణిగుంట నుంచి

పై ఇద్దరూ చెప్పింది సాంకేతికంగా సరైనదే. కానీ సందర్శకులు కావాలంటే జనం వెతికే మాటలు మీ సైట్‌లో ఉండాలి కదా. మన ఊళ్ళ పేర్లతో జనం ఎక్కువగా వెతికేవి దర్శనం టికెట్లు, గదులు, బస్సుల వేళలు, లడ్డూ. మీ సైట్‌లో ఒక బ్లాగు విభాగం పెట్టి రోజుకొక వ్యాసం వీటి మీద రాయించండి. ఇప్పుడు కృత్రిమ మేధతో రాయించుకుంటే ఖర్చు కూడా ఉండదు. సందర్శకులు వేలల్లో వస్తారు, వారిలో నూటికి ఒకరు చీర కొన్నా చాలు.

తిరుచానూరు గృహిణి

నాకు వెబ్‌సైట్లు నిర్మించడం తెలియదు, వెతికి కొనడం తెలుసు, కనుక ఆ వైపు నుంచి చెబుతాను. దర్శనం టికెట్ కోసం వెతికేవారి మనసు చీర మీద ఉండదు. ఊరి నుంచి వస్తున్న మా అత్తగారి కోసం నేను టికెట్ వెతుకుతున్నప్పుడు చీరల దుకాణం తెరుచుకుంటే, వెంటనే వెనక్కి వచ్చేస్తాను. పైగా దేవస్థానం పేరుతో నకిలీ వెబ్‌సైట్లు భక్తులను మోసం చేస్తున్న ఈ రోజుల్లో, టికెట్ల సమాచారం ఇస్తున్న దుకాణాన్ని చూస్తే నాకు అనుమానమే కలుగుతుంది. మూడు తరాల పేరును అలాంటి అనుమానానికి అప్పగించవద్దు.

పోయిన సంవత్సరం మా అమ్మాయి పెళ్ళికి కలంకారీ చీర కొనాలనుకున్నప్పుడు నేను వెతికిన ప్రశ్నలు నాకు బాగా గుర్తున్నాయి. కలంతో గీసినదా, అచ్చు వేసినదా ఎలా తెలుసుకోవాలి? మొదటిసారి ఉతికితే రంగు దిగుతుందా? కుంకుడు రసంతో ఉతకాలా, సబ్బు పెట్టవచ్చా? ఒక చీరకు ఎన్ని రోజులు పడుతుంది, ధరలో అంత తేడా ఎందుకు? వీటిలో ఒక్కదానికీ తెలుగులో నాకు తృప్తినిచ్చే సమాధానం దొరకలేదు. దొరికిన చోటల్లా ‘సంప్రదాయ వైభవం’, ‘అద్భుత కళాఖండం’ అని రాశారే తప్ప, గుడ్డను ఎలా ఉతకాలో చెప్పినవారు లేరు. మీ అమ్మగారు రంగులు వేస్తారని రాశారు. ఆమెను అడిగి రాయండి, నాలాంటివారు తప్పకుండా చదువుతారు.

అలిపిరి డెవలపర్

తిరుచానూరు అక్కగారు చెప్పినదానికి మించిన సలహా నా దగ్గర కూడా లేదు. రేణిగుంట సోదరుడి సలహాలో ఉన్న ప్రమాదాన్ని మాత్రం వివరిస్తాను. ర్యాంకింగ్ కోసమే పేజీలను గుట్టలుగా ఉత్పత్తి చేయడాన్ని, అవి మనిషి రాసినా యంత్రం రాసినా, గూగుల్ 2024 మార్చిలో తన స్పామ్ నిబంధనల్లో స్పష్టంగా చేర్చింది. అంతకుముందు 2011లో పాండా, 2022 ఆగస్టులో హెల్ప్‌ఫుల్ కంటెంట్ పేరుతో వచ్చిన మార్పులు కూడా ఈ దారినే మూయడానికి వచ్చాయి. టికెట్ల వ్యాసాలు నూరు పెడితే, మీ సైట్ దేని గురించో సెర్చ్ ఇంజన్‌కూ అర్థం కాదు, మనిషికీ అర్థం కాదు.

ఇక ఆ వెయ్యి బ్యాక్‌లింకుల సంగతి. 1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ప్రతిపాదించిన పేజ్‌ర్యాంక్ పద్ధతిలో, ఒక పేజీ మరొక పేజీకి ఇచ్చే లింకు ఒక సిఫారసు లాంటిది, పేరున్నవారి సిఫారసుకు విలువ ఎక్కువ. ఆ సూత్రాన్ని పట్టుకుని లింకులు అమ్మే వ్యాపారం పుట్టింది. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే మార్పుతో గూగుల్ దాని మీద దెబ్బ వేసింది, 2016 నుంచి అలాంటి లింకులను చాలావరకు లెక్కలోకి తీసుకోకుండా వదిలేస్తోంది. మీ ఎక్సెల్ షీటు చూశాను. జూదం సైట్లు, మూతపడిన బ్లాగులు, మనకు సంబంధంలేని భాషల ఫోరమ్‌లే ఉన్నాయి. సెర్చ్ కన్సోల్‌లో మాన్యువల్ యాక్షన్స్ (గూగుల్ వేసిన శిక్షలు) అనే చోట ఏ హెచ్చరికా లేకపోతే వాటిని అలాగే వదిలేయండి, వాటి మీద ఇంకొక రూపాయి ఖర్చు పెట్టవద్దు. హెచ్చరిక ఉంటే మాత్రం డిస్‌అవౌ జాబితా, అంటే ఈ లింకులను లెక్కించవద్దని చెప్పే జాబితా, గూగుల్‌కు పంపాలి.

నిజమైన లింకు ఎలా వస్తుందో చెబుతాను. మీ ఇంటికి వచ్చి పని నేర్చుకున్న డిజైన్ విద్యార్థులు, మీ నాన్నగారి పని గురించి రాసిన పత్రికలు, మీ దగ్గర గుడ్డ కొనే బొటిక్‌లు తమ సైట్లలో మీ పేరు రాసి లింకు ఇవ్వకుండా వదిలేసి ఉంటే, వారిని మర్యాదగా అడగండి. అలాంటివి నాలుగు వచ్చినా ఆ వెయ్యి కన్నా ఎక్కువ పనికి వస్తాయి.

శీర్షికల గురించి కూడా చెప్పాలి. మీ ఇరవై రెండు పేజీలకూ టైటిల్ ఒక్కటే ఉంది, ‘స్వాగతం’. సెర్చ్ ఫలితాల్లో నీలిరంగులో కనిపించే మాట సాధారణంగా అదే. ప్రతి పేజీకీ ఆ పేజీలో ఏముందో చెప్పే శీర్షిక ఇవ్వండి: ‘దశావతారాల కలంకారీ పట్టుచీర, చేతితో గీసినది, శ్రీకాళహస్తి’ అన్నట్టు. మెటా డిస్క్రిప్షన్ (శీర్షిక కింద కనిపించగల చిన్న వివరణ) వల్ల ర్యాంకు పెరగదు కానీ, చదివి నొక్కేవారు పెరుగుతారు. పేజీ సోర్స్‌లో వెతికే మాటలు రాసే కీవర్డ్స్ ట్యాగులో మీరు పెట్టించిన అరవై మాటలు తీసేయవచ్చు, ర్యాంకింగ్‌కు దాన్ని వాడటం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది.

చిత్తూరు మామిడితోట

మాకు చిత్తూరు దగ్గర మామిడితోట ఉంది, కాయలను నేరుగా ఇళ్ళకు పంపుతుంటాము. మా అనుభవంలోని రెండు విషయాలు మీకు ఉపయోగపడవచ్చు.

మొదటిది ఫొటోల బరువు. కెమెరా నుంచి తీసిన ఫొటోను అలాగే ఎక్కించడం వల్ల మా మొదటి పేజీలో ఒక్క బొమ్మే 6 ఎంబీ ఉండేది. ఆఫీసులో వేగంగానే తెరుచుకునేది కనుక మాకు తెలియలేదు. తోటలో, సిగ్నల్ సరిగా లేని చోట నా ఫోన్‌లో తెరిచినప్పుడు కాయల బొమ్మ పైనుంచి కిందికి చారచారలుగా దిగుతుంటే, కొనేవారు అప్పటిదాకా ఆగుతారా అనిపించింది. వెడల్పు తగ్గించి వెబ్‌పీ అనే తక్కువ బరువున్న ఫొటో రూపంలోకి మార్చితే అదే బొమ్మ 150 కేబీకి వచ్చింది, కంటికి తేడా తెలియలేదు. పేజీలోని ప్రధానమైన బొమ్మ రెండున్నర సెకన్లలోపు కనిపించాలని గూగుల్ చెబుతుంది. మీ కలంకారీలో గీత సన్నదనం కనిపించాలి కదా అని మీరు పెద్ద ఫొటో పెట్టి ఉంటారు. మొదట చిన్నది చూపించి, నొక్కినప్పుడు పెద్దది తెరుచుకునేలా చేయండి. ప్రతి బొమ్మకూ ఆల్ట్ వచనం (బొమ్మ వెనుక ఉండే వివరణ) రాయండి, ‘చిత్రం 1’ అని కాదు, బొమ్మలో ఏముందో రాయండి.

రెండవది నేను చేసిన పొరపాటు. ప్రతి ఏటా కాయలు వచ్చే ముందు ఆ సంవత్సరం పేరుతో కొత్త పేజీ పెట్టి, పాతదాన్ని తొలగించేదాన్ని. మూడేళ్ళు అలా చేశాను. కొత్త పేజీ గూగుల్‌కు పరిచయమయ్యేసరికి కోతలే అయిపోయేవి. ఇప్పుడు ఒకే అడ్రసులో ఒకే పేజీ ఉంచి, ధరలు, తేదీలు మాత్రం మారుస్తున్నాను. కాయలు లేని నెలల్లో కూడా ఆ పేజీ ఉంటుంది, వచ్చే కోత ఎప్పుడో చెబుతుంది. ముందు సంవత్సరాల్లో సంపాదించిన పేరు ఆ పేజీకి నిలిచి ఉండటం వల్ల, ఈసారి కోతలకు నెల ముందే విచారణలు మొదలయ్యాయి.

రేణిగుంట నుంచి

నా సలహాను ఉపసంహరించుకుంటున్నాను, అక్కగారు చెప్పింది న్యాయం. అయితే యాత్రికుల గురించి నాకు తెలిసిన విషయం ఒకటి ఉంది, నేను కారు నడుపుతాను కనుక రోజూ చూస్తుంటాను. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ ముగించుకుని బయటికి వచ్చినవారికి తరచుగా గంటో రెండు గంటలో సమయం మిగులుతుంది. నా కారులోనే కూర్చుని ‘దగ్గరలో కలంకారీ’ అని ఫోన్‌లో వెతుకుతారు. అప్పుడు వచ్చేది వెబ్‌సైట్ల వరుస కాదు, మ్యాప్. అందులో మీ దుకాణం లేదు, ఇప్పుడే చూశాను.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితంగా తెరవవచ్చు. సరైన వర్గం, తెరిచి ఉండే వేళలు, దుకాణం ముందుభాగం ఫొటో, కారు ఆపుకునే చోటు రాయండి. వెతికినదానికి సంబంధం, దూరం, పేరుప్రతిష్ఠ అనే మూడింటిని బట్టి మ్యాప్‌లో వరుస వస్తుంది. దూరం మన చేతిలో లేదు, మిగిలిన రెండూ ఉన్నాయి. సమీక్షలు రాయమని కొనుగోలుదారులను అడగవచ్చు కానీ, రాస్తే తగ్గింపు ఇస్తామని చెప్పకూడదు, అది నిబంధనలకు విరుద్ధం. ఇంకొకటి, మీ సైట్‌లో చిరునామా ఇంకా చిత్తూరు జిల్లా అనే ఉంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పటి నుంచి శ్రీకాళహస్తి ఇటే కదా. సైట్‌లో, మ్యాప్‌లో, ఫేస్‌బుక్‌లో చిరునామా ఒకే విధంగా ఉండేలా చూడండి.

కలంకారీ ఇంటివాడు

ఇన్నాళ్ళు రాయనందుకు క్షమించండి, రెండు నెలలుగా మీరు చెప్పిన పనులే చేస్తున్నాను. డీటీపీ అన్నగారు అన్నమాట ప్రకారం అన్ని పేజీలనూ దిద్ది ఇచ్చారు. మ్యాప్‌లో దుకాణం వచ్చింది.

తిరుచానూరు అక్కగారి ప్రశ్నలను అమ్మ ముందు పెట్టి, ఆమె చెబుతుంటే ఫోన్‌లో రికార్డు చేసి రాశాను. నాకే తెలియని సంగతులు అందులో ఉన్నాయి. గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో ఎందుకు నానబెడతారో, పాలలోని కొవ్వు లేకపోతే కలం దిగిన చోట నల్లరంగు ఎలా పాకిపోతుందో ఆమె ఒక తెల్ల ముక్క మీద గీసి చూపించింది. పాలు పెట్టిన ముక్క, పెట్టని ముక్క పక్కపక్కన ఉంచి ఫొటో తీసి పేజీలో పెట్టాను. పాత ఇనుము, బెల్లం పులియబెట్టి నల్లరంగు చేయడం, పటిక రాసిన చోటే ఎరుపు పట్టడం, స్వర్ణముఖి నీళ్ళలో జాడించడం అన్నీ రాశాను. పెడనలో చెక్క అచ్చులతో వేసే కలంకారీకీ, మా కలం పనికీ తేడా చెప్పే పేజీ వేరుగా పెట్టాను. అచ్చు పనిని తక్కువ చేసి రాయవద్దని నాన్నగారు గట్టిగా చెప్పారు, అలాగే రాశాను.

సెర్చ్ కన్సోల్‌లో చూస్తే, ఎక్కువమందిని తెచ్చింది ఉతకడం గురించిన పేజీ. వెతికిన మాటల్లో ఎక్కువ భాగం తెలుగే అయినా రోమన్ అక్షరాల్లో ఉన్నాయి. పోయిన నెలలో 612 మంది వచ్చారు, తొమ్మిదిమంది ఫోన్ చేశారు, నాలుగు చీరలు వెళ్ళాయి.

ఒక చిక్కు మిగిలింది. మా చీరలు ఒక్కొక్కటే ఉంటాయి, మళ్ళీ అదే రాదు. అమ్ముడైన చీర పేజీని తొలగిస్తే గూగుల్ నుంచి వచ్చినవారికి ‘పేజీ లేదు’ అని కనిపిస్తోంది. అన్నిటినీ మొదటి పేజీకి మళ్ళించమంటారా?

అలిపిరి డెవలపర్

మొదటి పేజీకి మళ్ళించవద్దు. దశావతారాల చీర కోసం వచ్చినవారికి మొదటి పేజీ సమాధానం కాదు, గూగుల్ కూడా అలాంటి మళ్ళింపును లేని పేజీగానే చూడవచ్చు. మామిడితోట సోదరి చెప్పిన పద్ధతి మీకూ వర్తిస్తుంది. పేజీని ఉంచండి, పైన ‘అమ్ముడైంది’ అని రాయండి, సెర్చ్ ఇంజన్ చదివే వివరాలైన స్ట్రక్చర్డ్ డేటాలో కూడా అలాగే మార్చండి, కింద అలాంటివే మూడు చీరలకు లింకు ఇవ్వండి. గీయడానికి ఎన్ని వారాలు పట్టిందో, ఎవరు గీశారో, ఇలాంటిది గీయించుకోవాలంటే ఎవరిని అడగాలో రాయండి.

ఆంగ్లంలో కూడా పేజీలు కావాలనుకుంటే వేరే అడ్రసుల్లో పెట్టి, రెండింటినీ హెచ్‌రెఫ్‌లాంగ్‌తో (ఏ పేజీ ఏ భాషదో గూగుల్‌కు చెప్పే గుర్తుతో) కలపండి. యంత్రానువాదాన్ని అలాగే ఎక్కించకండి. మీ అమ్మగారి మాట అందులో మిగలదు.

తిరుచానూరు గృహిణి

ఉతకడం పేజీ చదివాను. మొదటి రెండుసార్లు విడిగా, చల్లని నీళ్ళలో, నీడలో ఆరవేయమని ఉంది. ఇస్త్రీ గురించి మాత్రం లేదు. అమ్మగారిని అడిగి చేర్చగలరా?

కలంకారీ ఇంటివాడు

అడిగాను అక్కా. చీరను తిరగవేసి, లోపలివైపు నుంచే ఇస్త్రీ చేయాలట, మీద నీళ్ళు చల్లకూడదట. ఇప్పుడే పేజీలో చేర్చాను. అమ్ముడైన నాలుగు చీరల పేజీలను కూడా ఈ రాత్రికి తిరిగి పెడుతున్నాను. వాటిలో మొదటిది గీసింది చిన్నాన్న, పేరు రాయవచ్చునా అని అడిగితే చాలాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండి, ‘రాయి’ అన్నాడు.